ఎఫ్ అక్షరం వెంట: రోమన్ బంగారు నాణేల అచ్చులు చెక్కుతున్న డైరీ

మే 4

వినుకొండ మా నరసరావుపేటకి బస్సులో గంట దూరం. అక్కడ 19వ శతాబ్దం చివర్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. టైబీరియస్ నుంచి కారకల్లా దాకా, దాదాపు రెండు వందల ఏళ్ల చక్రవర్తుల ముఖాలు పల్నాటి నేలలో ఒక్కచోట పడి ఉన్నాయి. ఈ సెలవుల్లో పెట్టుకున్న పనికి అదే మూలం.

పని ఇది. ఆరుగురు చక్రవర్తుల బంగారు నాణేలకి అయిదింతల సైజులో అచ్చులు చెక్కాలి. నిజం నాణెం అడ్డంగా రెండు సెంటీమీటర్లు కూడా నిండదు, నా అచ్చు పది సెంటీమీటర్లు. మా ఊరి గ్రంథాలయంలో బల్ల మీద పెడితే పిల్లలు మెత్తని బంకమట్టి నొక్కి ఎవరి ముద్ర వాళ్లు తీసుకోవాలి. అద్దాల పెట్టెలో ఫొటోలు పెట్టి కింద చీటీలు అంటిస్తే ఎవరూ ఆగి చూడరు. డ్రాయింగ్ మాస్టారుగా నాకు ఆ సంగతి బాగా తెలుసు.

సామాన్లు: ప్లాస్టర్ ఆఫ్ పారిస్, నాలుగంగుళాల పీవీసీ పైపుని రింగులుగా కోసిన ముక్కలు, ట్రేసింగ్ పేపర్, పాత కంపాస్ బాక్సు, పళ్ల డాక్టరు పారేసిన కొక్కేలు. సన్న ఉలులు రెండు ఆచారి గారు ఇచ్చారు. ఆయన బంగారం పని మానేసి చాలాకాలమైంది కానీ పనిముట్లు మాత్రం ఎవరికీ ఇవ్వరు. నాకు ఇవ్వడం గొప్పే.

మే 9

అగస్టస్ బొరుసు వైపుతో మొదలెట్టాను. ఈ రకం నాణేలు లుగ్దునుంలో, అంటే ఇప్పటి ఫ్రాన్సులోని లియోన్‌లో, క్రీ.పూ. 2 నుంచి కొన్నేళ్లపాటు కొట్టారు. ఇద్దరు కుర్రాళ్లు నిలబడి ఉంటారు. మధ్యలో డాళ్లు, వాటి వెనక ఈటెలు, పైన పూజారులు వాడే గరిటె, వంకీ కర్ర.

బొమ్మ కంటే అక్షరాలే చంపేస్తున్నాయి. లెక్కపెట్టాను: చుట్టూ 27, కుర్రాళ్ల కాళ్ల కింద గీత దిగువన ఇంకో 10. రెండు సెంటీమీటర్ల బంగారం మీద 37 అక్షరాలు! 'గైయస్, లూసియస్ సీజర్లు, అగస్టస్ కొడుకులు, కాబోయే కాన్సుళ్లు, యువకులకు నాయకులు' అన్నది సారాంశం. కాన్సుల్ అంటే రోమ్‌లో ఏడాదికోసారి ఎన్నికయ్యే పెద్ద అధికారి. మాటల మధ్య ఖాళీలు దాదాపు ఉండవు. ఏ మాటనీ పూర్తిగా రాయరు, చోటు అయిపోయిన దగ్గర తుంచేస్తారు. 'యు' ఉండాల్సిన చోట 'వి' ఉంటుంది.

అచ్చులో అన్నీ తిరగేసి చెక్కాలి కదా. ఎ, ఐ, ఎం, టి, వి ఇబ్బంది పెట్టవు. అవి అద్దంలో చూసినా అవే. ప్రాణం తీసేవి ఎస్, ఎన్, ఆర్. ట్రేసింగ్ పేపర్ తిరగేసి పెన్సిల్‌తో రుద్దుకుని చెక్కుతుంటే కూడా, చెయ్యి తనకి అలవాటైన వైపుకే లాగుతుంది. రోమన్ చెక్కుడు పనివాళ్లకి ట్రేసింగ్ పేపరూ లేదు, భూతద్దం ఉండేదో లేదో. ఇనుము మీదో కంచు మీదో, నా చిటికెన గోరంత జాగాలో చెక్కారు.

ఇంతకీ ఇవాళ నన్ను ఆపిన అక్షరం 'ఎఫ్'. ఫీలియుస్, కొడుకు. చాలాసార్లు అంత మాటకీ అదొక్కటే అక్షరం. బొమ్మ వైపు అగస్టస్ తల చుట్టూ 'దివి ఎఫ్' అని ఉంటుంది: దేవుడి కొడుకు. ఆ దేవుడు జూలియస్ సీజర్. చచ్చిపోయాక, క్రీ.పూ. 42లో, ఆయన్ని దేవుణ్ణి చేశారు. అగస్టస్ ఆయనకి కన్నకొడుకు కాదు, దత్తుడు. బొరుసు వైపు కుర్రాళ్లిద్దరూ అగస్టస్ కూతురి బిడ్డలు, మనవళ్లు. వాళ్లనీ దత్తత తీసుకుని కొడుకుల్ని చేశాడు. అంటే రెండు వైపులా ఎఫ్ ఉంది, రెండూ దత్తతలే.

కుర్రాళ్లలో లూసియస్ క్రీ.శ. 2లో, గైయస్ క్రీ.శ. 4లో పోయారు. నాణేలు మాత్రం మన దక్షిణాది దాకా వచ్చాయి.

ఈ ఎఫ్‌ని మిగతా అయిదుగురి నాణేల మీదా వెతుకుతాను. చీటీల మీద ఏం రాయాలో దానితోనే తేలుతుందనిపిస్తోంది.

మే 13

టైబీరియస్ అయిపోయాడు. తేలిక. బొరుసు వైపు కుర్చీలో కూర్చున్న ఆడమనిషి, ఒక చేతిలో రాజదండం, ఇంకో చేతిలో కొమ్మ. చుట్టూ 11 అక్షరాలే: 'పోంటిఫ్ మాక్సిం', ప్రధాన పూజారి. ఆమె టైబీరియస్ తల్లి లివియా అంటారు కొందరు, శాంతి దేవత అంటారు ఇంకొందరు. నాణెం మాత్రం ఆమె పేరు చెప్పదు.

మొదట్లో ఒకటి రెండు వేరే బొమ్మలు వేయించాడు. ఆ తర్వాత క్రీ.శ. 37లో పోయేదాకా బంగారం మీదా వెండి మీదా దాదాపు ఇదే బొమ్మ. ఇరవై ఏళ్లకి పైగా ఒకే మాట. మన దేశంలో అతని నాణేలు అంత విరివిగా దొరకడానికి ఈ మార్పులేనితనం కూడా సాయపడి ఉంటుందని నా ఊహ. చేతికి అలవాటైన ముద్ర ఉన్న డబ్బునే వ్యాపారి నమ్ముతాడు.

ఎఫ్ ఉంది, బొమ్మ వైపున. దేవుడైన అగస్టస్ కొడుకు. ఇదీ దత్తతే.

మే 21

ఇప్పటిదాకా చేసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇవాళ్టిది. క్లాడియస్, 41-42 నాటి బంగారు నాణెం.

బొరుసు మీద మనిషి ముఖం కాదు, దేవత కాదు, ఒక గోడ. కోట బురుజుల్లా పళ్లున్న ప్రహరీ, కింద రెండు వంపు ద్వారాలు, లోపల ఈటె పట్టుకుని నిలబడ్డ ఒక ఆకారం, ముందు సైన్యం గద్ద జెండా, వెనక స్తంభాలు, వాటిపైన త్రికోణపు కప్పు. రోమ్ ఊరి చివరన చక్రవర్తి అంగరక్షక దళం ఉండే శిబిరం అది. గోడ మీదే అక్షరాలు: 'ఇంపెర్ రెసెప్ట్'. చక్రవర్తిని స్వీకరించారు. ఎవరు? సైనికులు.

41 జనవరిలో అప్పటి చక్రవర్తి కాలిగులాని చంపేశారు. గొడవకి భయపడి క్లాడియస్ తెర వెనక దాక్కున్నాడు. కాళ్లు కనబడి ఒక సైనికుడు బయటికి లాగాడు. చంపుతాడేమోనని కాళ్ల మీద పడితే, 'జై చక్రవర్తి' అన్నాడట. రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాసిన కథ ఇది. శిబిరానికి తీసుకెళ్లి గద్దె ఎక్కించారు, బదులుగా ఒక్కొక్కరికీ 15,000 సెస్టెర్సులు ఇస్తానన్నాడు. ఒక బంగారు నాణేనికి 100 సెస్టెర్సులు, కాబట్టి తలకి 150 బంగారు నాణేలు.

ఇంత పచ్చిగా ఎవరు ఒప్పుకుంటారు! దీనికి జోడీగా ఇంకో బొమ్మ కూడా ఉంది, క్లాడియస్ ఒక సైనికుడి చెయ్యి పట్టుకుని నిలబడినది. అచ్చు చెక్కుతూ మధ్యమధ్య ఆగి నవ్వుకున్నాను. తర్వాత ఎఫ్ కోసం బొమ్మ వైపు చూశాను. టైబీరియస్ క్లాడియస్ సీజర్ అగస్టస్, ప్రధాన పూజారి, ట్రిబ్యూన్ (జనం ప్రతినిధి) అధికారం. ఎఫ్ లేదు.

ఉండే వీలూ లేదు. తండ్రి డ్రూసస్‌ని ఎవరూ దేవుణ్ణి చెయ్యలేదు. సీజర్ల ఇంట్లోకి క్లాడియస్‌ని ఎవరూ దత్తత తీసుకోలేదు. సీజర్ అన్న పేరు తనంతట తానే తగిలించుకున్నాడు. అగస్టస్‌కి, టైబీరియస్‌కి ఆసరా అయిన ఆ ఒక్క అక్షరం ఇతని దగ్గర లేదు కాబట్టే బొరుసు మీద గోడ వచ్చిందని నాకనిపిస్తోంది. అది బడాయి కాదు, దళానికి రాసిచ్చిన రసీదు. బంగారు నాణేలు పడేదీ ఎక్కువగా వాళ్ల చేతుల్లోనే.

గోడ రాళ్ల గీతలు గీస్తుంటే ప్లాస్టర్ పెళ్లలు లేచాయి. ఫెవికాల్ నీళ్లలో కలిపి రెండు పూతలు పూశాక నిలిచింది. ఇక మీద అన్ని బిళ్లలకీ ఇదే పూత.

మే 25

ఆచారి గారు వచ్చి చూశారు. మొదటి ప్రశ్న: "ఎంత తూకం మాస్టారూ అసలుది?"

అగస్టస్ నాటిది ఎనిమిది గ్రాములకి కొంచెం తక్కువ అన్నాను.

"కాసుకి పిసరు తక్కువ. మేలిమేనా?"

దాదాపు మేలిమే. 64లో నీరో తూకం తగ్గించాడని, అంతకు ముందు ఒక రోమన్ పౌను బంగారానికి 40 నాణేల లెక్క ఉంటే 45 చేశాడని, కారకల్లా వచ్చి 50 చేశాడని చెప్పాను. అంటే ఆరున్నర గ్రాములు.

"తరుగు తీశారన్నమాట. చక్రవర్తయితే నేమిటి!" అని ఒకటే నవ్వు.

తర్వాత ఓ పనికొచ్చే మాట చెప్పారు. ముఖం ముందు లోతుగా తీసుకోవాలి, అక్షరాలు చివర్న, చాలా పైపైన. అచ్చులో ఎంత లోతైతే ముద్రలో అంత ఎత్తు. చెంప ఎత్తుగా లేచి, అక్షరం దానికంటే దిగువన ఉంటేనే నాణెం చేతుల్లో నలిగినా రాత బతుకుతుందట. రోమన్లు బొమ్మ వైపు అచ్చుని దాగలిలో బిగించి, బొరుసు అచ్చు చేత్తో పట్టుకుని సుత్తితో కొట్టేవారు. దెబ్బ నేరుగా తినే పై అచ్చు ముందు అరిగిపోయేది. "మరి ఆ గోడా, ఆ 37 అక్షరాలూ బొరుసు మీదే పెట్టారా?" అని ఆయన ఆశ్చర్యపోయారు. ఎన్నిసార్లు మళ్లీ చెక్కుకుని ఉంటారో అని ఇద్దరం కాసేపు ఆ పనివాళ్ల మీద జాలిపడ్డాం.

జూన్ 1

నీరోకి ఒక నాణెం చాలదని తేలింది. రెండు చెక్కాను, పక్కపక్కన పెట్టడానికి.

మొదటిది 54 నాటిది. నీరోకి అప్పుడు పదహారేళ్లు, కొత్తగా గద్దెనెక్కాడు. బొమ్మ వైపు ఇద్దరు ఎదురెదురుగా: నీరో, తల్లి అగ్రిప్పినా. చుట్టూ ఉన్న రాత ఎవరిది? తల్లిది. 'అగ్రిప్పినా అగస్టా, దేవుడైన క్లాడియస్ భార్య, నీరో సీజర్ తల్లి.' కొడుకు పేరు, బిరుదులు బొరుసు వైపు, ఓక్ ఆకుల దండ చుట్టూ.

రెండోది మరుసటేడు, 55. తలలు ఇప్పుడు ఎదురెదురుగా లేవు, ఒకటి వెనక ఒకటి. ముందు నీరో, వెనక తల్లి అంచు గీతలా. బొమ్మ వైపు రాత నీరోది, తల్లి రాత బొరుసుకి జరిగింది. అక్కడ ఏనుగులు లాగే రథం. ఆ తర్వాత రోమ్ నాణేల మీద ఆమె కనబడదు. 59లో కొడుకే చంపించాడు.

దీనికి చీటీ అక్కర్లేదనుకుంటున్నాను. రెండు ముద్రలూ పక్కపక్కన ఆరబెడితే ఇంట్లో పెత్తనం ఎలా చేతులు మారిందో ఎనిమిదో తరగతి పిల్లకి కూడా తెలిసిపోతుంది.

ఎఫ్ సంగతి: రెండింటి మీదా ఉంది. దేవుడైన క్లాడియస్ కొడుకు. ఎవరి కొడుకూ అని రాసుకోలేకపోయిన క్లాడియస్, చచ్చిపోయి దేవుడై, దత్తపుత్రుడికి ఆ అక్షరం ఇచ్చిపోయాడు.

జూన్ 9

హేడ్రియన్. ఇతనివీ రెండే.

ఇతని ముందరి చక్రవర్తి ట్రాజన్ 117 ఆగస్టులో సిలీషియాలోని (ఇప్పటి టర్కీ) సెలినుస్ అనే ఊళ్లో, తూర్పు దండయాత్ర నుంచి తిరిగివస్తూ పోయాడు. చనిపోయేముందు హేడ్రియన్‌ని దత్తత తీసుకున్నాడని ప్రకటించారు. అప్పుడు హేడ్రియన్ సిరియాలో ఉన్నాడు. చావు కబురు కొన్నాళ్లు దాచారని, దత్తత సంగతి చెబుతూ సెనేటుకి వెళ్లిన ఉత్తరాల మీద సంతకం ట్రాజన్‌ది కాదు, భార్య ప్లోటినాదని చరిత్రకారుడు కాషియస్ డియో రాశాడు.

ఇదంతా మనసులో పెట్టుకుని మొదటి ఏడాది నాణెం చూస్తే భలే ఉంటుంది. బొరుసు మీద ఇద్దరు మగవాళ్లు చేతులు కలుపుకుని నిల్చున్నారు, ట్రాజన్, హేడ్రియన్. కింద 'అడోప్షియో': దత్తత. చుట్టూ రాతలో దేవుడైన ట్రాజన్ కొడుకు అని మళ్లీ ఎఫ్. అనుమానం ఎక్కడుందో నాణెం కూడా సరిగ్గా అక్కడే వేలు పెట్టింది. ఆ చేతుల ముడిని చెక్కడం కష్టమైంది. పది సెంటీమీటర్లలోనే వేళ్లు కలిసిపోతున్నాయి, అసలు నాణెం మీద అది ఆవగింజంత.

ఇక పాలన చివరి ఏళ్ల నాణెం. హేడ్రియన్ తన సామ్రాజ్యమంతా తిరిగినవాడు, ఒక్కో దేశానికీ ఒక్కో బొమ్మ వేయించాడు. నేను తీసుకున్నది హిస్పానియా: పడుకున్నట్టు ఒరిగిన ఆడమనిషి, చేతిలో ఆలివ్ కొమ్మ, పక్కన ఒక కుందేలు. స్పెయిన్‌కి గుర్తు కుందేలు. హేడ్రియన్ కుటుంబానిది కూడా స్పెయినే. ఆఫ్రికాకి ఏనుగు తొండం ఉన్న తలపాగా, ఈజిప్టుకి గిలక, కొంగలాంటి పిట్ట. బొరుసు మీద రాత ఒకటే మాట, దేశం పేరు. బొమ్మ వైపు: హేడ్రియన్, అగస్టస్, మూడోసారి కాన్సుల్, జాతిపిత. అంతే. ట్రాజన్ లేడు, ఎఫ్ లేదు.

ఇరవై ఏళ్లు గద్దె మీద కూర్చున్నవాడికి తండ్రి పేరు అక్కర్లేకపోయింది. అయితే దీన్ని సూత్రం చెయ్యలేను. అగస్టస్ ఎంత నిలదొక్కుకున్నా ఆ ఎఫ్‌ని వదల్లేదు. కానీ కొత్త పెళ్లికొడుకు శుభలేఖలో పేరు వెనక డిగ్రీలన్నీ వేయించుకుని, షష్టిపూర్తి కార్డులో వట్టి పేరుతో సరిపెట్టుకున్నట్టు, హేడ్రియన్ తీరు మాత్రం అదే.

కుందేలు చెవులు బాగా వచ్చాయి. ముద్ర తీస్తే ముందు జనం దాన్నే చూస్తారు.

జూన్ 17

బడి తెరిచారు. పని సాయంత్రాలకి పడింది.

సెప్టిమియస్ సెవెరస్. 193లో సైన్యం బలంతో వచ్చినవాడు, ఆఫ్రికాలోని లెప్టిస్ మాగ్నావాడు. పాత చక్రవర్తులతో చుట్టరికం లేదు. 195లో తాను పాత చక్రవర్తి మార్కస్ అరీలియస్ కొడుకునని ప్రకటించుకున్నాడు. మార్కస్ పోయి అప్పటికి పదిహేనేళ్లు! బతికున్నవాడు దత్తత తీసుకోవడం విన్నాం కానీ, చచ్చినవాణ్ణి తండ్రిగా తీసుకోవడం ఇదే. ఆ ఏడాది నాణేల మీద రాత: దేవుడైన మార్కస్ పియుస్ కొడుకు. ఎఫ్! ఆస్పెక్స్ అనే పెద్దమనిషి 'తండ్రి దొరికినందుకు అభినందనలు సీజర్' అన్నాడని డియో రాశాడు. ఈ ఒక్క మాట చీటీ మీద పెద్దక్షరాల్లో పెడతాను.

చెక్కింది మాత్రం 202 ప్రాంతపు నాణెం. ఎందుకంటే అందులో కుటుంబం మొత్తం ఉంది. బొమ్మ వైపు సెవెరస్, బొరుసు వైపు మధ్యలో భార్య జూలియా డోమ్నా నేరుగా మన వైపు చూస్తూ, అటూ ఇటూ కొడుకులు కారకల్లా, గేటా ఒకరికొకరు ఎదురుగా. పైన 'ఫెలిసిటాస్ సైకులి': ఈ కాలానికి శుభం. కారకల్లా తల మీద ఆకుల కిరీటం ఉంది, గేటా తల బోడి. ఒకడు అప్పటికే సహ చక్రవర్తి, రెండోవాడు కాలేదు. ఆ తేడా నాలుగు ఆకుల్లో తెలుస్తుంది.

ఎదురుముఖం తిరగేసి చెక్కడం వేరే లోకం. పక్కముఖానికి ముక్కు ఒక అంచు మాత్రమే, ఎదురుముఖానికి ముక్కే అన్నిటికన్నా లోతైన గొయ్యి. మట్టి నొక్కి తీసిచూసుకుంటూ, చిటికెడు చిటికెడు తవ్వుతూ వెళ్లాలి. డోమ్నా కొప్పు పాయలు పాయలుగా అలల్లా ఉంటుంది, అది మాత్రం హాయిగా సాగింది.

211 డిసెంబరులో కారకల్లా తమ్ముణ్ణి తల్లి ఒళ్లోనే చంపించాడు. గేటా పేరుని శాసనాల మీంచి చెక్కి తీసేశారు, ఆసియా మైనరులో కొన్ని ఊళ్ల కంచు నాణేల మీద అతని ముఖాన్ని గీకేశారు. కానీ జనం చేతుల్లోకి, సముద్రాల అవతలికి పోయిన బంగారాన్ని ఎవరు వెనక్కి తేగలరు? వినుకొండ నాణేల్లో చివరివాడు ఆ ఆకుల కిరీటం కుర్రాడే.

జూన్ 23

ఆరుగురూ అయిపోయారు, పెట్టెలో ఇంకా చోటుంది. మన దేశంలో ఈ నాణేలకి ఏం జరిగిందో చూపించాలి, లేకపోతే వినుకొండ మాట ఎత్తడం దండగ.

పుదుక్కోట్టై దగ్గర 1898లో 501 బంగారు నాణేలు దొరికాయి, బ్రిటిష్ మ్యూజియం కొన్నది. వాటిలో ఎక్కువ భాగం మీద చక్రవర్తి తలకి అడ్డంగా కత్తిగాటు. మేలిమో కాదో చూడ్డానికని ఒక వాదన, నాణెంగా ఇక చెల్లకుండా చెయ్యడానికని ఇంకొకటి. నాకు రెండోది సబబనిపిస్తుంది. పరీక్షకైతే అంచున చిన్న గీటు చాలు, అంతంత పెద్ద గాట్లెందుకు? టైబీరియస్ మట్టి ముద్ర ఒకటి పచ్చిగా ఉండగానే మెడ మీదుగా చాకుతో కోసి ఆరబెట్టాను.

రెండోది, నగలు చేసుకున్నవి. తలకి సరిగ్గా పైన పక్కపక్కన రెండు చిల్లులు పొడిచిన నాణేలు మన దేశంలో దొరికాయి. దారంలో గుచ్చితే చక్రవర్తి తలకిందులు కాకుండా నిటారుగా నిలుస్తాడు. కాసుల పేరు చూసి పెరిగినవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, అనుకరణ. ఇక్కడి కంసాలులు రోమన్ నాణేన్ని చూసి తమ బంగారంతో తామే కొట్టినవి, అగస్టస్ కుర్రాళ్ల బొమ్మవి కూడా. ముఖం పోలిక ఉంటుంది. అక్షరాలు మాత్రం గీతలు, సున్నాలు, తిరగబడ్డ కొక్కేలు. ఎఫ్ అంటే ఏమిటో, ఎవరు ఎవరి కొడుకో ఆ కంసాలికి పట్టలేదు. బంగారం చుట్టూ ఒక వరస గీతలుంటే అందం, అంతే. దీనికి ట్రేసింగ్ పేపర్ పక్కన పడేసి, చూపు మీదే చెక్కాను. చెయ్యి ఎటు లాగితే అటు పోనిచ్చాను. ఎస్, ఎన్ తిరగబడ్డా ఫరవాలేదన్న హాయి ఈ పని మొత్తంలో ఇదొక్కసారే.

ముద్ర తీసి, తలకి పైన రెండు చిల్లులు పొడిచి, ఆచారి గారికి చూపించాను. కళ్లజోడు పైకి తోసుకుని ముందు చిల్లులు చూశారు.

"ఇంత లోపలికి పొడిచారేం మాస్టారూ? తీగ వేస్తే నుదురు మీద పడుతుంది. ఇంకో చిన్నమెత్తు అంచుకి జరపండి."

రేపు ఇంకో ముద్ర తీసి జరపాలి. తర్వాత చీటీలు.